వచ్చేటప్పుడు తింటాంలే

సెకండ్‌హ్యాండ్ కారు కొన్న కొత్తలో, అరకు చుట్టి రావడానికి నేను వేసిన ప్లాను ముందు రాజుల దండయాత్రలు దిగదుడుపు. హాలు గోడకి రోడ్డు మ్యాపు అంటించి, గుండుసూదులు గుచ్చి, ఎర్ర ఊలుదారంతో ఒక ఉంగరం చుట్టాను. విశాఖలో బయలుదేరి అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి, నర్సీపట్నం, మళ్ళీ ఇల్లు. ఒకసారి చూసిన చెట్టుని రెండోసారి చూడకూడదన్నది నా శాసనం. పాలవాడితో సహా ఇంటికొచ్చిన ప్రతివాడికీ దాని మీద ఉపన్యాసమిచ్చాను. మా ఆవిడ మాత్రం, "ఆ దారం నా స్వెట్టరుది," అంది.

అనంతగిరి ఘాటు సగం ఎక్కేసరికి మా కారు ఆవిరింజను అయిపోయింది. రోడ్డు పక్క గుడిసెలోంచి ఒకామె బిందెతో నీళ్ళు తెచ్చి రేడియేటర్లో పోసింది. పోసి, అన్నం తిని వెళ్ళమంది. నాకేమో చింతపల్లి చేరేలోగా చీకటి పడుతుందని బెంగ.

"వచ్చేటప్పుడు తింటాంలే అమ్మా," అన్నాను.

మా వైపు ఆ మాట అనేసి కారెక్కితే ఎవరూ ఎదురుచూడరు. లక్ష భోజనాలు అలాగే తప్పించుకున్న మనిషిని నేను.

"మాపటికి వత్తావు కదా బాబూ. కోడి కోసి ఉంచుతాను," అందామె.

తల ఊపాను.

పాడేరులో టీ తాగుతూ, "ఇక్కణ్ణుంచి అంతా కొత్త దారే," అని చెయ్యి ఊపుతుంటే మా ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"ఏవండీ, మరి ఆవిడ కోడి?"

"ఏదో మాటవరసకి అనుంటుందే."

"గుడిసె ముందు తిరుగుతున్నది ఒక్కటే కోడి. నేను చూశాను."

కబురు చేద్దామంటే సెల్‌ఫోన్లు ఇంకా ఘాటెక్కని రోజులు. చింతపల్లి వైపు కొంతదూరం పోనిచ్చాను. ప్రతి మలుపులోనూ ఏనుగంత కోడి కూర్చుని నా వంకే చూస్తోంది. చివరికి బండి వెనక్కి తిప్పి, చూసిన చెట్లన్నిటినీ మళ్ళీ చూసుకుంటూ వచ్చాను.

మేం చేరేసరికి దీపాల వేళ. గుడిసె ముందు ఆమె, ఆమె మొగుడు కూర్చుని ఉన్నారు. ఇద్దరూ తినలేదు.

"సూడు, వచ్చీసినారు," అంది మొగుడితో. నా వైపు తిరిగి, "కొండ కిందోళ్ళు రారు, కోడిని దండగ చేసినావని ఈయనది ఒకటే గోల బాబూ. ఈ బాబు అబద్దమాడే మనిషి కాడని నానన్నాను," అంది.

మా ఆవిడ నన్ను చూసింది. నేను కోడికూర వైపు చూశాను.

తొడముక్క నా ఆకులోనే పడింది. దాన్ని ఆకులో అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను.

"ఏటి బాబూ, కారమెక్కువయ్యిందా?"

"కారం కాదమ్మా," అంది మా ఆవిడ. "పొద్దుట్నుంచీ మీ కోడి మీదే ఆయన ధ్యాస. వెయ్యి, ఇంకో ముక్క వెయ్యి."

ఆమె గిన్నెలో చూసింది. అడుగున పులుసే మిగిలింది. అప్పుడు మొగుడు తన ఆకులోని రెండో తొడముక్క తీసి నా వైపు చాపాడు.

"తినీ బాబూ. నిన్ను అనవసరంగా అనుమానించీసినాను."

భోజనం వద్దనడానికి నా దగ్గర ఎప్పుడూ ఒక్కటే మాట ఉండేది. అది ఆ పూట నోట్లోంచి రాలేదు. ఆకు ముందుకి జరిపాను.