బావ వదిలిన ఖాళీలు

మెట్‌పల్లిలో ఉన్న మా అక్క ఏదైనా అడిగిందంటే అది నాకు ఉత్తర్వు. గల్ఫ్‌లో ఉన్న రోజుల్లో బావ ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాటలు నింపి, ఇంటికి వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. అవి పదకొండు. టేపు పాడవుతుందన్న భయంతో చాలాకాలం కిందటే కరీంనగర్‌లో ఒక దుకాణంలో వాటిని కంప్యూటరులోకి ఎక్కించి పెట్టాను. ఇప్పుడు అక్క కొన్న చిన్న పాటల డబ్బా ఎంపీత్రీ తప్ప మరేదీ పలకదు. నా దగ్గరున్నవి వేరే రకం ఫైళ్లు.

"ఆయన ఇప్పుడు రోజుకు నాలుగు మాటలు గూడ మాట్లాడడు తమ్మీ. గప్పటి మాటలన్న విననియ్యి" అన్నది అక్క. పక్కనే పేపరు చదువుతున్న బావ "ఊ" అన్నారు.

ఫైళ్లను మార్చే సాఫ్ట్‌వేర్ ఎన్నుకోవడానికి నోటుబుక్కులో గడులు గీసి నాలుగింటిని పరీక్షించాను. మొదటిది ఫైళ్లను ఇంటర్నెట్‌లోకి పంపమన్నది. భార్యాభర్తల మాటలు ఊరికి పంపడం సభ్యత కాదు. రెండోది మూడు నిమిషాలు మార్చి ఆగిపోయింది. మూడోదానిలో ప్రకటనల నడుమ పని వెతుక్కోవలసి వచ్చింది. నాలుగోది చూడ్డానికి సాదాసీదాగా ఉన్నా, అసలు ఫైళ్లను ముట్టుకోకుండా పదకొండింటినీ ఒకేసారి మార్చింది. అందులో 'నిశ్శబ్దాన్ని తొలగించు' అనే గడి కనిపించింది. వృథా నాకు సరిపడదు. టిక్కు పెట్టాను.

మెట్‌పల్లి వెళ్లి, అక్కావాళ్ల అరుగు మీద డబ్బా మోగించాను. అక్క ముఖం చిన్నబోయింది.

"మీ బావ గింత తొందరతొందరగ ఎన్నడు మాట్లాడలే."

"ఒక్క మాట పోలే అక్కా. నడుమ ఖాళీలే తీసేసిన."

"గా ఖాళీలు నావి" అన్నది అక్క. "ఆయన 'మంచిగున్నవా' అని అడిగి ఆగుతుండె. నేను జవాబు చెప్తుంటి."

"జాగ ఇడువకుంటే మీ అక్క ఊకుంటదా? మస్కట్ దాకా వినిపిచ్చేది" అన్నారు బావ, పేపరు దించకుండానే.

నలభై ఏళ్లు బడిలో పిల్లలను ఖాళీలు పూరించమన్న నేను, అక్క పూరించిన ఖాళీలను కొట్టేశాను. అసలు ఫైళ్లు భద్రంగా ఉన్నాయి కాబట్టి ఇంటికి వచ్చి, టిక్కు తీసి, మళ్లీ మార్చాను.

మరుసటి ఆదివారం మళ్లీ అదే అరుగు. డబ్బాలో బావ పడుచు గొంతు "తిన్నవా?" అని ఆగింది. "తిన్న" అన్నది అక్క, చిక్కుడుకాయలు తుంచుతూ. "పిల్లలు సతాయిస్తుండ్రా?" "మస్తు."

చిన్నకూతురు పుట్టిన ఏడు ఆయనకు సెలవు దొరకలేదు. డబ్బాలో ఇప్పుడు ఆ ఏటి క్యాసెట్ వంతు వచ్చింది. "రాలేదని కోపమున్నదా?" అని అడిగి గొంతు ఆగింది. అన్నిటికన్నా పొడవైన ఖాళీ అది. అక్క పలకలేదు. పేపరు మెల్లగా కిందికి దిగింది.

"గప్పుడేం చెప్పినవ్?" అని బావ అడిగారు.

"గది నా జాగల చెప్పిన. నీకెందుకు?" అన్నది అక్క. చిక్కుడుకాయల చాటను మాత్రం ఆయన వైపు జరిపింది. బావ పేపరు మడిచి, కాయలు తుంచడం మొదలుపెట్టారు.