చిన్న దవడకు తొందర లేదు

తాండూరులో పిల్లల దంతవైద్యురాలు నసీమా గారు ఇక లేరన్న వార్త బడిలో ఉండగా తెలిసింది. చెబుతున్న పాఠం మధ్యలోనే ఆపేశాను. మొన్ననే కదా నా బిడ్డ నోరు తెరిపించి చూసి "శాబాష్" అన్నారు! మృత్యువుకింత దుడుకుతనమా?

నా బిడ్డ శ్రావ్య ముఖం పుట్టుకతోనే ఎడమవైపు చిన్నది. ఆరేళ్లు దాటాక కుడివైపు వెనక దంతం వచ్చింది గానీ ఎడమవైపు రాలేదు. ఇంకేముంది, ఇంట్లో పాత నింద మళ్లీ లేచింది. కడుపుతో ఉండి గ్రహణం వేళ నేను కూరగాయలు కోశానట! కోయలేదు మొర్రో అన్నా వినేదెవరు? పెద్దేముల్‌లోని మా ఇంట్లో అత్తమ్మ అంతటితో ఊరుకోలేదు. ఆ పక్క నమిలితే దవడ పెరుగుతుందని ఎండిన జొన్నరొట్టె రోజూ ఎడమవైపే నమిలించింది. చిగుళ్లు వాచి పిల్ల అన్నం ముట్టడం మానేసింది.

అప్పుడు పిల్ల, అత్తమ్మ, నేను ముగ్గురం నసీమా గారి దగ్గరికి వెళ్లాం. ఆ సౌమ్యమూర్తి ఎవరినీ కసరలేదు. ఎక్స్‌రే తీసి, వెలుతురుకు పట్టి, అత్తమ్మను దగ్గరకు పిలిచారు.

"పెద్దమ్మా, గిదిగో చూడు. పన్ను లోపలనే కూసున్నది. గీ పక్క దవడ కడుపులనే చిన్నగ తయారైంది, అందుకే పన్ను గూడ ఆలస్యం. కొందరికైతే ఒకటో రెండో అసలే రావు. చిన్న దవడకు తొందర లేదు, నీకేం తొందర?"

"మరి గ్రహణమో?" అత్తమ్మ వదల్లేదు.

"గ్రహణానికి వేరే పని లేదా, మీ ఇంటికొచ్చి పిల్ల దవడ పడుతదా? నీ కోడలు ఏం తప్పు చెయ్యలే. జర ఆ ఫికర్ ఇడిసిపెట్టు."

అమ్మయ్య! అన్నేళ్లకు నాకు ఊపిరి తిరిగొచ్చింది. అత్తమ్మ మాత్రం నా వైపు చూడకుండానే ఆటో ఎక్కింది.

వికారాబాద్‌లో నసీమా గారు పెట్టే శిబిరాలకు వచ్చే తల్లులు పిల్లల చిన్న చెంపను కొంగుతో కప్పేవారు. "ఇంత ముద్దు మొఖం ఎవరికి దాస్తున్నవమ్మా?" అంటూ ఆమె స్వయంగా కొంగు తొలగించేవారు. వైద్యవిద్య ఎందరికో ఉంటుంది, ఆ కరుణ అందరికీ అబ్బదు.

ఈ ఏడాది శ్రావ్యకు ఆ దంతం రానే వచ్చింది. దవడకు చేయవలసిన చికిత్స ఇంకా ఉందని, ఎదిగాక చూద్దామని ఆమే చెప్పారు. ఆ చూసే చేయి ఇప్పుడు లేదు.

నిన్న దవాఖాన ముందు జరిగిన సంతాప సభకు మర్పల్లి నుంచి ఒకామె, కోడలు, చంటిబిడ్డ వచ్చారు. ఆ పసిదాని ముఖమూ ఓ పక్క చిన్నదే. ఆమె కోడల్ని గ్రహణం పేరుతోనే ఆడిపోసుకుంటోంది. నా పక్కన కూర్చున్న మా అత్తమ్మ చటుక్కున లేచింది.

"అక్కా, కోడల్ని ఏమనకు. నేను గూడ గట్లనే ఏండ్లకేండ్లు అన్న. తప్పు నా కోడలిది కాదు, గా మాట అన్న నాదే తప్పు. డాక్టరమ్మ జెప్పింది."

నాతో ఎన్నడూ అనని మాట అది. నలుగురిలో నిలబడి అన్నది. నేను ఏడ్చేశాను, సిగ్గుపడలేదు.

నసీమా గారూ, మీ లోటు మాకు తీరేది కాదు. మీరు తుడిచేసిన నింద మాత్రం ఇక నా గడప తొక్కదు.