కారూ, దాని హ్యాండిలూ, గంటన్నర రాహుకాలమూ

ఒక శుక్రవారం పొద్దున, పది గంటల ఇరవై ఐదు నిమిషాలకు, పుదుచ్చేరి ముత్తియాల్‌పేట నడివీధిలో, నేను నా చేతులతో ఇంజను తిప్పి, తలుపు తీసి పట్టుకుని, నడుం వంచి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ ఒక దొంగను కారెక్కించి సాగనంపాను. దొంగకు చెమట పట్టకుండా సగం పని సొంతదారే చేసిపెట్టిన దొంగతనం ఫ్రెంచి రాజ్యం మొత్తంలో అదొక్కటే అయివుంటుంది. ఆ తర్వాత జరిగినదానితో పోలిస్తే కారు పోవడం చాలా చిన్న సంగతి. నవ్వొస్తే మొహమాటపడకండి. మా వీధివాళ్ళు అప్పుడే నవ్వేశారు, నా అనుమతి కూడా అడగలేదు.

కారు మా పెద్దనాయనది. ఆయన సైగాన్‌లో ఫ్రెంచి సర్కారు కొలువు చేసి, పింఛను పుచ్చుకుని, ఒక బట్టల దుకాణానికి సరిపడా డబ్బుతోనూ ఆ కారుతోనూ ఓడ దిగాడు. ముత్తియాల్‌పేటకు అదే మొదటి కారు. వంకాయ రంగు. పొడవు ఎంతంటే, దీపాలు వీధి మలుపు తిరిగాక వెనక చక్రాలు వచ్చేలోపు మనం ఒక తాంబూలం నమిలి ఉమ్మేయొచ్చు. బ్రేకు వేస్తే ఏనుగుకు జలుబు చేసినట్టు చప్పుడొచ్చేది. ఆ చప్పుడుకు మగ్గాల మీద నేతగాళ్ళు పోగులు తెంపుకునేవాళ్ళు. అయిదేళ్ళు తోలాక పెద్దనాయనకు చూపు మసకబారింది. ఒకరోజు పోస్టు డబ్బాను మనిషనుకుని దారి తప్పుకోమని పావుగంట హారన్ కొట్టాడు. ఇక కారు అమ్మేయాలని పెద్దమ్మ తీర్మానించింది.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. వృత్తి, అరుగు మీద కూర్చోవడం. పిల్లల్లేని పెద్దనాయన నన్ను పిలిచి, "కన్నయ్యా, ఈ కారు నువ్వే అమ్మరా. కారు అమ్మగలిగినోడు గుడ్డలు అమ్మలేడా? మంచి బేరానికి అమ్మి చూపించు, దుకాణం తాళాలు నీ నడుముకే" అన్నాడు. ఆ రాత్రి నేను నిద్రలో కూడా నడుం తడుముకున్నాను. కారు అమ్మితే దుకాణం, అమ్మకపోతే ముసలితనం దాకా అదే అరుగు. నా బతుకంతా ఆ వంకాయ మీద ఆధారపడి ఉంది.

నాలుగో రోజు కొనేవాడు వచ్చాడు. పేరు శేషాచలం అన్నాడు. అది తప్ప ఇంకేదైనా అయివుండొచ్చని తర్వాత పోలీసులు చెప్పారు. పట్టు తలపాగా, జరీ ఉత్తరీయం, నుదుట ఆలయ గోపురమంత నామం. ఆయన రాకముందే వీధి మలుపు దగ్గర్నుంచి గంధం వాసన వచ్చింది. కొండల్లో కాఫీతోట ఉందన్నాడు. ఎన్ని ఎకరాలని అడిగితే, లెక్కపెట్టడం మా వంశంలో లేదన్నాడు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, చక్రాన్ని కళ్ళకద్దుకుని, జేబుగడియారం తీశాడు.

"తంబీ, పదిన్నరకు రాహుకాలం పట్టేస్తాది. ఆ లోపల బండి ఒక చుట్టు తోలి చూసేసినానంటే, పన్నెండు దాటినాక మంచి గడియలో బేరం ముగించుకుందాం. రాహుకాలంలో మాత్రం నేను డబ్బు ముట్టను, మాట కూడా ఇయ్యను."

నాకు కళ్ళు చెమర్చాయి. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా మా ఇంట్లో పిల్లి కూడా పాలు దొంగిలించదు. అంతటి నిష్ఠ గల మనిషి దొరకడం మా అదృష్టమనుకున్నాను. ఆ కాలపు కార్లకు తాళంచెవులు లేవు. ముందు వైపు ఒక ఇనుప హ్యాండిల్ దూర్చి, భుజం ఊడొచ్చేలా తిప్పితే ఇంజను మేలుకునేది. నేను తిప్పాను. మేలుకుంది. పక్కన కూర్చుందామని వెళ్ళబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, నా చేతిలోని హ్యాండిల్ వైపు చూపించాడు.

"అది నీ దగ్గరే పెట్టుకో తంబీ. అది లేకుండా బండి యాడికి పోతాది?"

చూశారా, ఎంత నమ్మకస్తుడో. ఇంజను ఆగనంత సేపూ హ్యాండిల్‌తో పనే లేదన్న సంగతి నాకు తెలుసు. పెద్దనాయనకు తెలుసు. మా ఎదురింట్లో పూలమ్మే అలివేలవ్వకు కూడా తెలుసు. కానీ ఆ క్షణంలో ఆ ఇనుప ముక్క నా చేతిలో రాజదండంలా మెరిసింది. దాన్ని భుజాన వేసుకుని నిలబడ్డాను. సముద్రం దాకా పోయి వస్తానన్న మనిషి కారును ఉత్తరానికి తిప్పాడు. సముద్రం తూర్పున ఉంది. ఊరికి కొత్తవాడు కదా, చుట్టుదారిన పోతున్నాడని సరిపెట్టుకున్నాను. ఉత్తరాన ఏముందంటారా? మా వీధి దాటి నాలుగు అడుగులేస్తే ఇంగ్లీషువాళ్ళ రాజ్యం. మేము ఇక్కడ తుమ్మితే అక్కడివాళ్ళు దీవించేంత దూరం.

పదిన్నరయింది. కారు రాలేదు. అలివేలవ్వ పూలు కడుతూ, ఆ మనిషి యాడికి పోయినాడని అడిగింది. రాహుకాలం కదా, ఎక్కడో నీడలో ఆపి కూర్చుని ఉంటాడని, అంత పద్ధతైన మనిషిని నేను చూడలేదని చెప్పాను.

"పద్ధతైనోడే నాయనా," అంది అవ్వ తల ఎత్తకుండా. "పద్ధతిగా పోయినాడు."

పదకొండుకు పెద్దనాయన బయటికొచ్చి కారేదని అడిగాడు. బేరంలో ఉందన్నాను. మనిషేడని అడిగాడు. రాహుకాలంలో ఉన్నాడన్నాను. విషయం విన్నాక పెద్దనాయన కూడా మెచ్చుకుని, ఈ కాలంలో అట్లాంటోళ్ళు యాడున్నారని, నా పక్కనే అరుగు మీద చతికిలబడ్డాడు. మేమిద్దరం, మధ్యలో హ్యాండిల్. పదకొండున్నరయింది. పోలీసులకు చెప్పివస్తానని లేచాను. పెద్దనాయన నా పంచె పట్టి కూర్చోబెట్టాడు.

"రాహుకాలంలో ఇచ్చిన ఫిర్యాదు ఫలిస్తాదంట్రా? పన్నెండు కొట్టనీ."

ఆ మాట నిజమే అనిపించింది. అంతదాకా ఆగినవాళ్ళం, అరగంట కోసం దోషం తెచ్చుకోవడం దేనికి? కాబట్టి దొంగ ఇంగ్లీషు రాజ్యంలో దుమ్ము రేపుకుంటూ పోతుంటే, మేము అరుగు మీద కూర్చుని మంచి గడియ కోసం కాచుకున్నాం. ఇలాంటి దొంగతనంలో మూడు భాగాలుంటాయి. దొంగ వంతు అందులో చాలా చిన్నది.

పన్నెండు కొట్టగానే హ్యాండిల్ భుజాన వేసుకుని తెల్లవాళ్ళ వీధుల్లోని పోలీసు కచేరీకి పరుగెత్తాను. హ్యాండిల్ ఎందుకు తీసుకెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను. కచేరీ తలుపులు మూసి ఉన్నాయి. మెట్ల మీద ఒక బంట్రోతు టోపీ మొహం మీద పెట్టుకుని ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండు నుంచి రెండున్నర దాకా పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళు భోంచేసి నిద్రపోతారు. మన రాహువు పాపం గంటన్నరతో సరిపెట్టుకుంటాడు. వాళ్ళది రెండున్నర గంటలు, అదీ ప్రతిరోజూ అదే సమయానికి.

కారు పోయిందని బంట్రోతుకు మొరపెట్టుకున్నాను. వాడు టోపీ కింది నుంచే జవాబిచ్చాడు.

"కారు రేపైనా దొరుకుతాది సామీ. ముస్యె నిద్ర చెడితే నా కొలువు రేపు దొరకదు."

మెట్ల మీద కూర్చున్నాను. రెండున్నరకు ముస్యె, అంటే ఆ కచేరీ ఫ్రెంచి దొరగారు, ఆవలిస్తూ వచ్చి, నా ఫిర్యాదు రాసుకుని, హ్యాండిల్‌ను సాక్ష్యంగా జప్తు చేశాడు. ఆ విధంగా మా కారులో మాకు మిగిలిన ఒకే ఒక్క భాగం కూడా పోయింది.

మూడో రోజు కారు దొరికింది. సంతోషించకండి. ఇంగ్లీషు గడ్డ మీద, సవుకు చెట్ల తోపు పక్కన, ఇంజను ఆగిపోయి ఉంది. హ్యాండిల్ లేక దాన్ని మేలుకొలపలేక, ఆ నిష్ఠాపరుడు ఊడదీయగలిగినవన్నీ ఊడదీసుకుని పోయాడు. చక్రాలు, దీపాలు, సీట్లు, హారన్, చివరికి పెద్దమ్మ అద్దానికి కట్టిన దిష్టిపూస. కారు, చేప తిన్నాక మిగిలిన ముల్లులా ఉంది. అయినా పెద్దనాయన కుంగిపోలేదు. సైగాన్‌లో బతికిన మనిషి, కారుకు బీమా కట్టాడు. బీమా సొమ్ము చేతికొస్తే కారు అమ్మినట్టే లెక్క, దుకాణం నీదేనని నా వీపు తట్టాడు. నేను మళ్ళీ నడుం తడుముకున్నాను.

బీమా కంపెనీ గుమాస్తా లూర్దుసామి వచ్చాడు. వేసవిలోనూ కోటు విప్పని మనిషి. అప్పడాలు పెడితే తిన్నాడు, కాఫీ ఇస్తే తాగాడు, కాగితాలు పరిచి ప్రశ్నలు మొదలుపెట్టాడు. మీ బీమా ఫ్రెంచి గడ్డ మీద జరిగే దొంగతనానికేనని ముందే చెప్పాడు. దొంగతనం మా గుమ్మంలోనే జరిగిందన్నాను.

"గుమ్మంలో నువ్వే కదా తంబీ తలుపు తీసి ఎక్కించినావు? అప్పుడతడు మీ అతిథి. సరిహద్దు దాకా అతిథే. దాటినాక దొంగయినాడు. అది ఇంగ్లీషువాళ్ళ దొంగతనం."

కారు ఆగిన చోటికి అరమైలు అవతల, మళ్ళీ ఫ్రెంచివాళ్ళదే అయిన కాలాపట్టు ఊరుంది. ఇంజను ఇంకో అరమైలు ఓర్చుకుని ఆగివుంటే ఆలోచించేవాళ్ళమని లూర్దుసామి నిజంగానే విచారించాడు. తర్వాత అసలు ప్రశ్న వేశాడు. కారు పోయింది పదిన్నరలోపు, ఫిర్యాదు రెండున్నరకు, మధ్యలో ఏం చేశారని. మధ్యాహ్న నిద్ర సంగతి రాసుకోవడానికి అభ్యంతరం లేదు, అది పారిస్‌లో అర్థమవుతుంది. కానీ మొదటి గంటన్నర?

"రాహుకాలం," అన్నాడు పెద్దనాయన.

"దానికి ఫ్రెంచిలో మాట లేదే సార్."

లూర్దుసామి మా ఇద్దరి మీదా జాలిపడి, తనకు తోచినట్టు రాసుకుని పోయాడు. నాలుగు నెలలు గడిచాయి. నేను ప్రతి ఓడకూ రేవుకు వెళ్ళి నిలబడ్డాను. చివరికి ఒకరోజు లూర్దుసామి పారిస్ ఉత్తరం పట్టుకొచ్చి, అరుగు మీద నిలబడి తెలుగులో చదివి వినిపించాడు. వీధి మొత్తం వింది.

"ఫిర్యాదు ఇవ్వకుండా యజమానులను గంటన్నర సేపు ఆపిన ముస్యె రాహు అనే వ్యక్తి సంతకంతో వాంగ్మూలం పంపవలెను. ఇతనికి దొంగతో పొత్తు లేదని రుజువయ్యేదాకా సొమ్ము చెల్లించబడదు."

అలివేలవ్వ మొదటిసారి పూలు కట్టడం ఆపింది. అప్పుడు, బుద్ధున్నవాడెవడూ అడగని ప్రశ్న నేను అడిగాను.

"మరి దుకాణం సంగతి, పెద్దనాయనా?"

పెద్దనాయన మసక కళ్ళతో నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఆ రాహువుకే ఇచ్చేస్తాన్రా. దినానికి గంటన్నరే ఉన్నా, చెప్పిన టయానికి వస్తాడు, చెప్పిన టయానికి పోతాడు. ఇంతవరకు ఎవురికీ కారెత్తి ఇచ్చింది లేదు."

రాహువు రాలేదు కాబట్టి తాళాలు పెద్దమ్మ నడుముకు చేరాయి. ఆమె రెండేళ్ళలో పక్క దుకాణం కూడా కొనేసింది. నేను ఆమె దగ్గర గుడ్డ కొలిచే పనికి చేరాను. గజంబద్ద నా చేతికిచ్చేటప్పుడు దానికి ఒక తాడు కట్టి, రెండో కొస గల్లాపెట్టెకు ముడేసింది.

ఇప్పుడు నాకు నలభై దాటింది. కాబట్టి పెద్దలందరి ఎదుటా, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని, గంభీరంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. చక్రాలున్న ఏ వస్తువునైనా సరే, నేను లోపల కూర్చోకుండా కొనేవాడి చేతికి ఇవ్వను. ఇది ఉత్తమాట కాదు. మొన్న మా చంటిదాని తోపుడుబండిని పక్క వీధి వాళ్ళకు అమ్మినప్పుడు, బేరం తెగేదాకా దాంట్లో నేనే మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. వాళ్ళావిడ నన్ను వీధి చివరిదాకా తోసి చూసి, బండి గట్టిదేనని ఒప్పుకుంది.