కందికి చీకటి

నరసక్కకు చెయ్యి ముందు, నోరు తర్వాత. తిట్టి కొట్టేవాళ్లను చూశాం గానీ కొట్టేసి, ఆ తర్వాత తీరిగ్గా తిట్టే మనిషిని మా కాలనీలో ఈమెనొక్కదాన్నే చూశాను. ఏభై ఎనిమిదేళ్లు. ఎండిన చింతబరికె లాగా ఉంటుంది. నేను ఆమెను అత్తా అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు, పక్క ఇల్లు, అంతే.

మా కాలనీ హిందూపురానికి ఒక చివర ఉంది. అక్కడి నుంచి నేను కాలర్లు కుట్టే గార్మెంట్స్ ఫ్యాక్టరీకి ఒకటిన్నర కిలోమీటరు. ఒకప్పుడు మధ్యలో అంతా చేలే. ప్లాట్లు వేశారు, రోడ్డు వెడల్పు చేశారు, చివరికి నడిచేవాళ్లకూ సైకిళ్లకూ అని రంగు ఇటుకలు పరిచి ఒక బాట వేశారు. బాట వెంట ఏడు స్తంభాలు, ఏడు దీపాలు. అది నరసక్క చేను మీదుగానే పోయింది. పోగా ఆమెకు మిగిలింది బాట పక్కన పొడుగ్గా, సన్నగా ఒక పట్టీ. ఆ పట్టీలో కంది వేసేది.

మామూలు కంది కాదు. వాళ్లమ్మ కొత్తచెరువు దగ్గరి పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనం అది. ఏటా కాయ కొట్టాక మంచి గింజలు ఏరి, ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి కుండలో పోసేది. అంగట్లో విత్తనం కొనడమంటే ఆమెకు పరాయి వాళ్ల ఇంట్లో ఎంగిలి తిన్నట్టు. ఆ పప్పు ఉడికితే మా ఇంట్లోకి వాసన వచ్చేది, ఆ పూట మా కూర మాకు సయించేది కాదు.

బాట పడ్డాక ఊళ్లో వాళ్లంతా పొద్దున్నే బూట్లేసుకుని నడక మొదలుపెట్టారు. నడిచేవాళ్ల కాళ్లు నడుస్తుంటే చేతులు ఊరుకుంటాయా? పచ్చి కాయ తెంపడం, నములుకుంటూ పోవడం. మా ఆయన కూడా ఒక రోజు రెండు గుప్పిళ్లు తెంపుకొచ్చి, ఉప్పేసి ఉడకబెట్టమన్నాడు. కాయలు ఉడుకుతుండగానే ఆమె మా వాకిట్లో ఉంది. చెప్పు తీసి మా ఆయన చెంప మీద కొట్టింది, పొయ్యి మీది గిన్నెను గిన్నెతో సహా ఎత్తుకుపోయింది. నేను అడ్డం పోలేదు. దొంగతనం చేస్తే దెబ్బలు తినాల్సిందే. గిన్నె మాత్రం ఈరోజుకూ ఇవ్వలేదు.

మరుసటి రోజే తుమ్మకంప నరికి బాట మీదికి లాగింది. చేను వైపు సగం బాట కంపే. గాలికి పోకుండా పైన రాళ్లు. ఎవరో తీసి పక్కన పడేస్తే మళ్లీ తెల్లారేసరికి అక్కడే ఉండేది.

ఇంతవరకూ ఓర్చుకోవచ్చు. అసలు గొడవ దీపాలతో వచ్చింది, స్తంభాలు ముందే నాటినా అవి వెలిగింది నిరుడే. నిరుడు కంది చెట్టు నిలువెత్తు పెరిగింది, ఆకు కళకళలాడింది, ఒక్క పువ్వు పుయ్యలేదు. పట్టీ చివర, నీలగిరి చెట్ల నీడలో ఉన్న నాలుగు మొక్కలు మాత్రం పూశాయి. వ్యవసాయం ఆఫీసులో పనిచేసే సురేంద్ర అనే పిల్లోడు వచ్చి చూసి తేల్చాడు.

“అవ్వా, పొద్దు తగ్గి రాత్రి పెరిగితేనే కంది పూతకొచ్చేది. రాత్రంతా ఈ లైట్లు ఎలుగుతాండాయి గదా, నీ చెట్టు ఇంగా పగలే అనుకుంటాండాది. చిలమత్తూరు పక్క చామంతి తోటల్లో కావాలనే బల్బులు కడ్తారు, పూత ఆలీసం కావల్లని.”

దీపాలు చూసుకునే కాంట్రాక్టరు మనిషి దగ్గరికి ఆమె మూడుసార్లు పోయింది. పొద్దు మునిగితే వాటంతట అవే వెలుగుతాయి, ఆర్పడం నా చేతుల్లో లేదన్నాడతను. మూడోసారి అతని సంచీ లాక్కుని మురుక్కాలవలో పడేసి వచ్చింది.

ఈ ఏడు ఆ నీలగిరి చెట్లను కొట్టేశారు, ఆ నీడా పోయింది. జూన్‌లో చల్లిన విత్తనం వాన లేక మాడిపోయింది. కుండలో మిగిలిందంతా ఊడ్చి జులైలో మళ్లీ చల్లింది. ఇది పూస్తేనే వచ్చే ఏటికి గింజ. పుయ్యకపోతే వాళ్లమ్మ కంది ఇంక భూమ్మీద ఉండదు. ఆ మాట ఆమె నాకు చెప్పినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. ఫ్యాక్టరీలో రోజుకు ఇన్ని కాలర్లని లెక్క, నాకు కంది ఎక్కడ గుర్తుంటుంది?

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం దీపాలు వెలిగే వేళకు ఆమె వడిసెల పట్టుకుని బాట మీదికొచ్చింది. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద కూర్చుని చిలకల్ని కొట్టిన చెయ్యి అది. తాడు తల చుట్టూ గిర్రున తిరిగింది. తొమ్మిది రాళ్లు, ఏడు దీపాలు. ఇంటికి పోతున్న మా ఫ్యాక్టరీ ఆడవాళ్లం ముప్పై మందిమి నోళ్లు తెరుచుకుని చూశాం. గాజు ముక్కలు మా చెప్పుల కింద కరకరలాడాయి.

నాకు ఒళ్లు మండింది.

“అత్తా, మేమెట్ల పోవల్ల? చీకట్లో కాళ్లు ఇరగ్గొట్టుకోవల్లనా?”

“మూడు నెల్లే. పూత నిలిచి కాయ పట్టేదాకా. సెల్లు ఎలిగించుకోని పోండి.”

“తాగుబోతు నాకొడుకులు ఆడ నిలబడ్తాండారు. ఆడపిల్లోళ్లం.”

“యెవుడన్నా చెయ్యేస్తే కేకెయ్యండి. మీరు దాటిపొయ్యేదాకా నేను చేన్లోనే ఉంటా. నా రాయి తప్పదు.”

అన్నట్టే ఉంది. రోజూ ఏడింటికి మేం బాట ఎక్కేసరికి కంది సాళ్ల మధ్య నుంచి దగ్గు వినిపించేది. సెప్టెంబరు మొదట్లో ఎవడో తాగి పద్మావతి చున్నీ పట్టుకున్నాడు. ఆమె కేక వేసింది. చీకట్లో వడిసెల బుర్రుమంది, రాయి వాడి వీపున పడింది, వాడు పాక్కుంటూ పోయాడు. మేం పగలబడి నవ్వాం. ఆ రోజు నుంచి దీపాల గురించి ఎవరమూ అడగలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నా, నాకూ అదే బాగుందనిపించింది.

బాలప్ప అదే బాట మీద మాకు ఎదురొచ్చేవాడు. ధర్మవరంలో ఇరవై ఏళ్లు పట్టుచీరలు నేసి, మగ్గం సాగక, ఇక్కడొక గోడౌనులో రాత్రి కాపలాకు కుదిరాడు. సైకిలుకు బెల్లుంది, దీపం లేదు. “డ్యూటీ అయిపాయనామ్మా?” అని రోజూ అడిగేవాడు. ఆ చేలో ఒక్క కాయ తెంపని మనిషి ఈ ఊళ్లో ఎవరన్నా ఉంటే అది ఆయనే. నరసక్కకు అది తెలుసు. ఆయన దాటేటప్పుడు కంప కొంచెం పక్కకు లాగేది కూడా.

సెప్టెంబరు నెలాఖరున మబ్బు పట్టిన రోజు. మధ్యాహ్నం చేలో మేకలు పడ్డాయని ఆమె కోపంతో ఇంకో రెండు పెద్ద కొమ్మలు తెచ్చి నడిబాట దాకా వేసింది. మాకు తెలియదు. బాలప్పకూ తెలియదు. కొత్తగా చేరిన శ్రుతి, పంతొమ్మిదేళ్ల పిల్ల, సెల్లులో చార్జింగు లేకపోయినా మా కంటే పది అడుగులు ముందు నడుస్తోంది. అలవాటైన బాటే కదా అని మేమూ సెల్లులు వెలిగించలేదు.

ధడేల్మని చప్పుడు. వెంటనే శ్రుతి కేక.

“అక్కా! పట్టుకున్యాడు! ఇడవలేదక్కా!”

పరుగెత్తాం. చీకట్లో ఒక మగమనిషి ఆమె మీద పడి ఉన్నాడు, చున్నీ అతని చేతిలో ఉంది. ఇంకేం చూడాలి? నా చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. తల మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. మూడోసారి కొట్టేటప్పుడు మూత ఊడి ఎటో పోయింది. పద్మావతి చెప్పుతో ముఖం మీద కొట్టింది. ఎవరో కడుపులో తన్నారు. అతను చేతులు అడ్డం పెట్టుకుని “అమ్మా… నేనమ్మా… నేను…” అంటున్నాడు. నేను అని అందరూ అంటారు. నువ్వెవరని మేం అడగలేదు. మా పదేళ్ల కోపం, సూపర్‌వైజరు మీదిది, బస్సులో రాసుకునేవాడి మీదిది, ఇంట్లో మొగుళ్ల మీదిది, అంతా ఆ మనిషి ఒంటి మీద దించాం. నిజం చెప్పాలంటే నాకు కొడుతుంటే బాగుంది.

అప్పుడు చేలో వడిసెల బుర్రుమంది. ఆ చప్పుడు మాకు అలవాటే. శ్రుతిని లాక్కుని అందరం పక్కకు జరిగాం. అతను లేచి నిలబడ్డాడు, చప్పుడు ఎక్కడిదా అని చేను వైపు తిరిగాడు.

రాయి తగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. అరుపు లేదు. మనిషి కూలబడ్డాడు, అంతే.

నేను సెల్లు వెలిగించాను. ముందు కంపలో ఇరుక్కున్న సైకిలు చక్రం కనిపించింది. తర్వాత కారియర్ గిన్నె, ముళ్ల మధ్య దొర్లిన రాగిముద్ద. శ్రుతి చున్నీ సగం ముళ్లకు, సగం ఆయన వేళ్లకు చిక్కుకుని ఉంది. ఎడమ కన్ను ఉండాల్సిన చోట నెత్తురు. బాలప్ప.

నరసక్క సాళ్లు తొక్కుకుంటూ వచ్చింది. చూసింది. ఆ వడిసెల తాడుతోనే తన ముఖం మీద తను కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆటో వచ్చేదాకా ఆమెను నలుగురం పట్టుకోవాల్సి వచ్చింది.

కన్ను పోయింది. ఆస్పత్రికి పోలీసు వస్తే బాలప్ప, చీకట్లో సైకిలు మీంచి రాళ్ల మీద పడ్డానని రాయించాడు. వరండాలో నరసక్క “నేనే కొట్నా, నన్ను తీస్కపో” అని కానిస్టేబులు చొక్కా పట్టుకుంది. అతను విడిపించుకుని, ఇంటికి పొమ్మని కసిరాడు. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. నేనూ కొట్టాను అనడానికి నాకు నోరు రాలేదు.

పది రోజుల తర్వాత నరసక్కా నేనూ పెనుకొండకు, బాలప్ప ఉంటున్న ఆయన చెల్లెలు అంకమ్మ ఇంటికి బస్సులో పోయాం. గడప దాటకముందే అంకమ్మ నరసక్క చెంప పగలగొట్టింది. రెండో చెంప కూడా.

“పట్టులో తెగిన పోగు చీకట్లో కనుక్కున్న కన్నే అది! నీ చేతులిరిగిపోను!”

నరసక్క చేతులు కట్టుకుని నిలబడింది. దెబ్బకు దెబ్బ పడని రోజు ఆమె జీవితంలో అదే. పెదవి చిట్లి నెత్తురు కారుతుంటే తుడుచుకోలేదు కూడా.

లోపల మంచం మీద బాలప్ప కట్టుతో కూర్చుని ఉన్నాడు. “ఆ కంప యాడిదో అక్కా, నేను చూసుకోలే” అన్నాడు, మమ్మల్ని ఓదార్చడానికి.

“నేనే ఏసినా.”

ఆయన కట్టు సర్దుకున్నాడు. “లైట్లు?”

“అవీ నేనే.”

“కందికేనా?”

“ఆ.”

బాలప్ప గోడ వైపు తిరిగి పడుకున్నాడు. “పొద్దు పోతాది, బస్సుకు పోండి” అన్నాడు. తిట్టి ఉంటే ఆమె బతికిపోయేది.

మరుసటి రోజు ఆమె కంపను ఉత్త చేతులతో లాగి కాల్చేసింది. సాయం చేయబోతే నన్ను తోసేసింది. అరచేతుల్లో ముళ్లతోనే కాంట్రాక్టరు ఆఫీసుకు పోయి, ఇనప గడారి అడ్డంగా పట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

“లైట్లు పగలగొట్టింది నేనే. ఎయ్యండి. ఎయ్యకపోతే ఈడ బల్బుల్నీ మిమ్మల్నీ ఉండనియ్యను.”

నాలుగో రోజుకు ఏడు దీపాలూ వెలిగాయి.

కందికి అప్పుడప్పుడే మొగ్గ రావాల్సిన సమయం. నేను ఉండబట్టలేక, దీపాలకు చేను వైపు ఒక రేకు ముక్క కట్టిద్దాం, బాటకు వెలుతురు పడుతుంది, చేనుకు పడదు అన్నాను.

“వాని కంటికి ఇంగ సగమే కనపడేది. ఎలుతురు గూడా సగమే ఇమ్మంటాండావా? ఇంగో మాట అన్న్యావంటే పల్లు రాలగొడ్తా.”

నవంబరులో చుట్టుపక్కల కంది అంతా పసుపుపచ్చగా పూసింది. ఆమెది ఆకు మీదే నిలబడిపోయింది. ఒక రోజు పొద్దున కొడవలి తీసుకుని, తల్లి విత్తనాన్ని మొదలంటా తనే కోసింది. ఒక్కో చెట్టునూ బూతులు తిడుతూ కోసింది. ఆకు కొమ్మలు గొర్రెలోళ్లకు ఇచ్చేసింది. పట్టీలో కొయ్యకాళ్లు మిగిలాయి.

మూడు రోజుల తర్వాత బాలప్ప డ్యూటీకి వచ్చాడు. దీపాలు వెలుగుతున్నాయి. మేం ఎదురుపోతున్నాం. ఆయన సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు, చేను ఆయన ఎడమ వైపు. గట్టు మీద నరసక్కను చూసి ఆగాడు.

“కంది ఎట్లుండాది అక్కా? పూసిందా?”

నరసక్క అబద్ధం ఆడగా నేను వినలేదు. “పూసిందిలేప్పా. ఇరగ పూసింది” అంది.

బాలప్ప తల మొత్తం ఎడమకు తిప్పి, మిగిలిన కంటితో చేను చూశాడు. దీపం కింద ఆ కొయ్యకాళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. చాలాసేపు చూశాడు.

“అవునక్కా. బాగా పూసింది” అని సైకిలెక్కి పోయాడు.

నరసక్క గట్టు మీద కూలబడి, నేలను గుద్దుతూ ఏడ్చింది. దగ్గరికి పోతే కొడుతుందని నాకు తెలుసు. పోయాను. కొట్టింది.