కోటయ్య మాస్టారి వంతు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. జగ్గయ్యపేటలో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసి బతికినవాణ్ణి. శబ్దం వచ్చిందంటే దాని వెనక ఒక తీగో, ఊడిన టంకమో ఉంటుంది. లేని మనిషి చప్పుడు చేశాడని ఎవరైనా అంటే, ముందు నీ ఎర్తింగ్ చూసుకోమనేవాణ్ణి. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. పైగా నేను చెప్పబోయే మనిషి అప్పటికి బతికే ఉన్నారు.

డెబ్భైల్లో మాకో బ్యాండు ఉండేది. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు వాయించేవాళ్ళం. క్లారినెట్ నందిగామ కోటయ్య మాస్టారు, డ్రమ్స్ యాకోబు, గిటారు నేను, హార్మోనియానికి ఎవరు దొరికితే వాళ్ళు. మాస్టారు మాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. నాకు స్వరాలు నేర్పింది ఆయనే. నేర్చుకున్నన్నాళ్ళూ వాళ్ళింట్లోనే అన్నం తిన్నాను.

ఒకసారి సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరుగారు ఒకరు రికార్డ్ ప్లేయరు రిపేరుకిస్తూ, వేసి చూడమని నాలుగు విదేశీ రికార్డులు కూడా ఇచ్చారు. బ్లూస్ రాక్ అంటారట. పాట రెండు నిమిషాల్లో అయిపోతుంది, వాయిద్యం మాత్రం పావుగంట నడుస్తుంది. ఒకరి తర్వాత ఒకరు తమకు తోచింది వాయించుకుంటూ పోతారు. మా కుర్రాళ్ళందరికీ పిచ్చెక్కింది. మాస్టారు కళ్ళు మూసుకుని విని, "ఇందులో కొత్తేముందిరా, ఏడుపేగా. మనూళ్ళో ఎవరూ ఏడవట్లేదా?" అన్నారు. మూడు రోజుల తర్వాత అదే ఏడుపు ఆయన క్లారినెట్‌లో పలికింది. మాకెవరికీ అంత బాగా రాలేదు.

అప్పట్నుంచి మా వాయింపు మారింది. ప్రతి పాట చివరా వంతులు పెట్టుకున్నాం. మొదటి వంతు హార్మోనియానిది, రెండోది నాది, మూడోది మాస్టారిది. తన వంతుకు ముందు ఆయన వేలి వెండి ఉంగరంతో క్లారినెట్ మీద రెండుసార్లు కొట్టేవారు. టక్, టక్. అది వినగానే మేమంతా సగానికి తగ్గించి ఆయనకు చోటిచ్చేవాళ్ళం. పదేళ్ళ అలవాటు. ఆలోచించే పనే లేదు, చేతులే తగ్గేవి.

ఎనభైల్లో క్యాసెట్లు వచ్చాయి. బెజవాడలో ఒకాయన మా వాయింపు క్యాసెట్టుగా వేస్తానన్నాడు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. హార్మోనియం తీసేసి కీబోర్డు పెట్టించాను. క్లారినెట్ వింటే జనం పెళ్ళి మేళమనుకుంటారని, మాస్టారు వద్దని తేల్చాను. సౌండు మారాలన్నది పైకి చెప్పిన మాట. ఆయన వంతు కూడా నేనే వాయించాలన్నది లోపలి మాట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే అదే.

ఆ సంగతి ఆయన మొహమ్మీద చెప్పే దమ్ము నాకు లేదు. రికార్డింగు ఫలానా రోజని మాత్రం యాకోబు ఆయన దగ్గర నోరు జారాడు. మా వ్యాను బెజవాడ దారిన ఎప్పుడు పోయినా నందిగామ సెంటర్లో టీకొట్టు ముందు మాస్టారు క్లారినెట్ పెట్టె పట్టుకుని నిలబడేవారు. ఆ పొద్దున కూడా నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. డ్రైవరు అలవాటుకొద్దీ స్లో చేశాడు. "ఆపకు, పోనీ" అన్నాను. ఎత్తబోయిన చెయ్యి ఆయన మధ్యలోనే ఆపేశారు.

స్టూడియోలో అంతా కలిసి ఒకేసారి వాయించాలి. తప్పు పోతే మళ్ళీ మొదటికే. రెండు వంతులు బాగానే పోయాయి. మూడోదాని దగ్గర ఎవరూ ఏమీ వాయించలేదు. డ్రమ్స్ ఒక్కటే నడిచింది. నేనే వాయించాలని అనుకుని కూడా నా చెయ్యి కదల్లేదు. రెండోసారీ అంతే. తప్పు నాది, నేను తిట్టింది మిగతావాళ్ళను.

మూడోసారి మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం మూడు కావస్తోంది. నా వంతు ముగుస్తుండగా వినపడింది. టక్, టక్. అందరం ఒక్కసారే తగ్గిపోయాం. వెంటనే, వాయించబోయే మనిషి ఊపిరి పీల్చుకున్న చప్పుడు. అయినా చోటు దొరికింది కదా అని సిగ్గులేకుండా ఆ వంతు నేను వాయించేశాను.

"ఎవరండీ ఆ కొట్టింది?" అని అద్దం అవతలనుంచి రికార్డింగాయన అడిగాడు. యాకోబు తాను కాదన్నట్టు రెండు పుల్లలూ పైకెత్తి చూపించాడు. వెనక్కి తిప్పి విన్నాం. ఉంది. పాత టేపు మీద చెరగని శబ్దమేమో అనుకుంటే అది కొత్త రీలు. మైకులు, తీగలు అన్నీ నేనే ఊడదీసి చూశాను. ఏ లోపమూ లేదు. మాలో ఎవరి వేలికీ ఉంగరం లేదు.

ఇంకా వెలుతురుండగానే తిరిగొచ్చాం. నందిగామలో వ్యాను ఆపించింది యాకోబు. మాస్టారు టీకొట్టు బల్లమీద కూర్చుని ఉన్నారు. నేను దిగగానే టీకొట్టాయన నన్ను పక్కకు పిలిచాడు.

"పొద్దుట్నుంచి కదల్లేదండి. ఇంటికెళ్ళమంటే వినరు. మూడింటప్పుడు పెట్టె తీసి, బూర బిగించి, రెండుసార్లు కొట్టారండి. నోట్లో పెట్టుకుని అట్టాగే నుంచున్నారు. వాయిస్తారేమోనని నా రేడియో కూడా ఆపా. వాయించలేదండి."

ఆ కొట్లో ఫోను లేదు. స్టూడియోనుంచి మేమంతా కలిసే బయల్దేరాం, కలిసే దిగాం. మాకంటే ముందు కబురు తేవడానికి మనిషి లేడు.

పొద్దున వ్యాను ఎందుకు ఆగలేదో ఒక అబద్ధం వెతుక్కుంటూ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను నోరు తెరవనివ్వలేదు.

"అందరూ తగ్గారుగా" అన్నారు.

తలూపాను.

"తగ్గి నాకు చోటిచ్చారు. మరి నా వంతు నువ్వెందుకు వాయించావురా?"

తర్వాత ఆయన మాతో ఎప్పుడూ వాయించలేదు. క్యాసెట్టు వచ్చింది, నాలుగు రోజులు మోగింది, మూలపడింది. రెండేళ్ళకు బ్యాండూ పోయింది. నా దగ్గర ఒక కాపీ ఉంది. దాంట్లో ఆ రెండు దెబ్బలు ఇప్పటికీ స్పష్టంగా వినపడతాయి.

అవి ఎక్కడినుంచి వచ్చాయో నాకు తెలిసిన విద్యంతా వాడి వెతికాను, దొరకలేదు. మాస్టారు అడిగినదానికి జవాబు మాత్రం నాకు ఆ సాయంత్రమే తెలుసు. ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను.