మెచ్చుకునే మేనేజరు

నాయకుడిగా ఎదగడం ఎలా, మనుషులచేత పని చేయించడం ఎలా, ఉద్యోగంలో పైకి రావడం ఎలా అని చెప్పే పుస్తకాలంటే నాకు పడదు. నేను రిటైరైన రోజున సభ పెట్టి, శాలువాతోపాటు అలాంటిదొకటి నా చేతిలో పెట్టారు. పనంతా అయిపోయాక పైకి రావడం నేర్చుకోమన్నారు కాబోలు. ఇంటికి తెచ్చి, అట్ట కూడా తిప్పకుండా పాత కాగితాలవాడికి వేసేశాను. మర్యాద తప్పానని మా ఆవిడ అంది. తప్పాను. అయితే చదవకుండానే ద్వేషిస్తున్నానని మాత్రం ఎవరూ అనలేరు. ఒకప్పుడు అలాంటి పుస్తకాల్లోంచి వారానికో పేజీ తెలుగులోకి దించి గోడకు అంటించినవాణ్ణి నేను. అది నా ఉద్యోగంలో భాగం.

అరవైల చివరి సంగతి. విజయనగరానికి కాస్త ఎడంగా ఉన్న ఒక జనపనార మిల్లులో టైమాఫీసు గుమాస్తాగా ఉండేవాణ్ణి. మిల్లు కూతకు ముందు కిటికీ దగ్గర కూర్చుని, లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ ఇత్తడి బిళ్ళ ఇవ్వాలి. షిఫ్టు దిగాక ఆ బిళ్ళ తిరిగి తీసుకోవాలి. డైరీ రాసే అలవాటు అప్పటికే ఉంది. ఎండా వానా, ఏ మగ్గాలు ఆగాయి, ఎవరికి జ్వరం, ఇలాంటివే రాసేవాణ్ణి. కొత్త మేనేజరు వచ్చిన ఏడాది డైరీలో మాత్రం మరో మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: ఇవాళ ఫలానావాణ్ణి మెచ్చుకున్నారు.

పాత మేనేజరు నోరు మంచిది కాదు. మగ్గం ఆగిందంటే ఆయన అరుపు గేటుదాకా వినబడేది. కానీ తిట్టడం అయిపోయిందంటే అయిపోయినట్టే. తిట్లు తిన్నవాడు గుమ్మం దాటి బీడీ ముట్టించుకుని మళ్ళీ పనిలోకి పోయేవాడు. మా వైపు తిట్టడమంటే నువ్వింకా మావాడివేనని చెప్పడం. మర్యాదగా మాట్లాడేది పరాయివాళ్ళతో. ఇక పైకి మెచ్చుకోవడమంటే అందరికీ భయం. పసిబిడ్డ బొద్దుగా ఉందని ఎవరైనా అంటే తల్లి ముఖం మాడిపోతుంది. ఆవు బాగా పాలిస్తోందని అంటే ఆ సాయంత్రమే దానికి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తారు. బాగా చేసిన పనిని చూసి మాట్లాడకుండా ముందుకు సాగిపోవడమే మా దగ్గర మెప్పు.

కొత్త మేనేజరు మద్రాసులో చదువుకున్న తెలుగాయన. నిండా నలభై లేవు. వస్తూనే తన గదిలో అద్దాల బీరువా పెట్టించి అందులో ఇంగ్లీషు పుస్తకాలు సర్దించారు. అట్టల మీద టై కట్టుకున్న మగవాళ్ళు మనల్నే చూసి నవ్వుతుండేవారు. మేనేజరు గారూ అచ్చం అలాగే నవ్వేవారు, ఎవరో అప్పుడే ఫొటో తీయబోతున్నట్టు.

ఒకరోజు నన్ను పిలిచారు. "మీ దస్తూరీ చాలా బాగుంది. మీ తెలుగు ఇంకా బాగుంది. మీలాంటివారు టైమాఫీసులో ఉండడం మా అదృష్టం," అన్నారు. నేను పొంగిపోతూ ఉండగానే, వారానికో పేజీ అనువదించి నోటీసు బోర్డు మీద పెట్టమన్నారు. ముందు పొగడ్త, వెనకాల పని. అది పుస్తకంలోని పద్ధతేనని రెండో వారం పేజీ రాస్తుంటే తెలిసింది. మనిషిని మందలించాలంటే ముందు అతనిలో ఏదో ఒక మంచి వెతికి మెచ్చుకోవాలట. మత్తుమందు ఇచ్చి కోత కోసినట్టు, నొప్పి తెలియదట.

మా మిల్లులో ఆ మత్తు ఎవరికీ ఎక్కలేదు. నార దువ్వే చోట ఒకణ్ణి పిలిచి, నీ అంత శ్రద్ధగలవాడు లేడని చెప్పి, ఆలస్యంగా వస్తున్నందుకు సగం రోజు జీతం కోశారు. నార బేళ్ళు దించే యార్డులో ఒకణ్ణి పిలిచి, నీలాంటివాడు ఇంతకన్నా పెద్ద చోట ఉండాలని భుజం తట్టి, వచ్చే నెలనుంచి పని లేదన్నారు. వాడు గుమ్మం దాటేదాకా మేనేజరు గారి నవ్వు చెదరలేదు. చూస్తుండగానే మిల్లంతా ఆ వరస పసిగట్టేసింది. షిఫ్టు మారే వేళ నా కిటికీ ముందు మాటలు ఇలా ఉండేవి:

"ఇయ్యాల ఎవుడ్ని పొగిడీసినాడ్రా?"

"బాయిలరు కాడి సిన్నోడ్ని."

"అయ్యో పాపం. ఆడికి పాలు తాగే సంటి గుంట ఉన్నాది గదరా."

కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. "ఒసే, మేనేజరు బాబు మీ ఆయన్ని సూసి నవ్వినాడంట. బేగెల్లి దిష్టి తీసీయే." నవ్వుకుంటూనే అనేవాళ్ళు. తీసేది మాత్రం నిజంగానే తీసేవాళ్ళు.

మగ్గాల మేస్త్రీ గురించి చెప్పాలి. అసలు ఇదంతా ఆయన గురించే. యాభై దాటిన మనిషి. కళింగపట్నం వైపు మా ఊరి పక్క ఊరే ఆయనది. అందుకని నేను మావా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. మీసం రాని వయసులో మిల్లులో చేరి మగ్గాల మధ్యనే పెద్దవాడయ్యాడు. సెంటు భూమి లేదు. మిల్లువారి ఇళ్ళ వరసలో ఒక గదీ వంటచావిడీ ఉన్న ఇల్లు ఆయనది. ఉద్యోగం ఉన్నంతవరకే ఇల్లు. ఆయన భార్య ఆ ఇంటి మీదికి ఆనప తీగ పాకించింది. అక్కడే పండి పోతామన్న ధీమా వాళ్ళిద్దరిదీ.

మేస్త్రీ నోరు పాత మేనేజరు నోటికన్నా పెద్దది. "ఒరే, దారం తెగితే సూడవేటి? పెళ్ళిపీటల మీద కూకున్నావేటిరా?" అని ఆయన అరిస్తే మగ్గాల మోతలో కూడా వినబడేది. ఆయన కింద పనిచేయడానికి కుర్రాళ్ళు పోటీపడేవారు.

ఆ వానాకాలం గోనె సంచులకు పెద్ద ఆర్డరు వచ్చింది. మేస్త్రీ మగ్గాల్ని ఆగనివ్వలేదు. సరుకంతా గడువులోపలే రైలెక్కింది. తరవాతి శనివారం షిఫ్టు మారే వేళ మేనేజరు గారు గేటు లోపల బల్ల వేయించి, అందరినీ ఆపి, మేస్త్రీని పక్కన నిలబెట్టుకున్నారు. ఈ మిల్లుకు మీరు వెన్నెముక అన్నారు. మీలాంటి మనిషిని నేను చూడలేదన్నారు. చాలాసేపు అన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టకపోతే ఆయనే మొదలుపెట్టి ఆయనే ఆపారు. చివర, "సోమవారం పొద్దున్న నా గదికి రండి. మీతో ముఖ్యమైన మాట ఉంది," అని నవ్వారు.

మేస్త్రీ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆదివారం నేను వెళ్ళేసరికి ఇంటి ముందు మనుషులున్నారు. చావు పలకరింపుకు వచ్చినట్టు గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. దారం వడికే విభాగంలో పనిచేసే ఆయన బావమరిది అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏటి సేసినావు బావా?" అని అడుగుతున్నాడు.

"ఏటీ సెయ్యలేదురా."

"ఏటీ సెయ్యకపోతే అంతసేపు పొగుడుతాడేటి? బేళ్ళకాడోడ్ని రెండు మాటలే పొగిడినాడు. ఆడు పోనాడు. నిన్ను ఇంతసేపు పొగిడినాడంటే ఇంకేటున్నాది?"

లెక్క సరిగ్గానే ఉంది. నాకూ వేరే అర్థం తోచలేదు. "మావా, రేపు ఏటంతాడో ముందు ఇను," అని మాత్రం అన్నాను.

"ఇన్నాక ఏటున్నాది అల్లుడూ? ఈ మిల్లులో నన్ను పొమ్మన్నోడు ఇప్పటిదాకా లేడు. ఆడి నోటంట ఆ మాట రానిస్తానేటి?"

సోమవారం కూతకు ముందే కిటికీ దగ్గరికి వచ్చాడు. బిళ్ళ ఇవ్వబోతే వద్దన్నాడు. నాకు భయం వేసి, కిటికీ ఇంకో గుమాస్తాకు అప్పగించి ఆయన వెంట మేనేజరు గదికి వెళ్ళాను. మేనేజరు గారు కుర్చీలోంచి లేచి చేతులు చాచారు. ఆయన నోరు తెరిచేలోపలే మేస్త్రీ అనేశాడు. "బాబూ, నాను మానీసినాను. నా అంతట నానే మానీసినాను."

మేనేజరు గారు ఒక్క క్షణం తడబడి, బల్ల మీది టైపు కాగితం తీశారు. "మీరు పొరబడ్డారు. మిమ్మల్ని ఓవర్సీరును చేస్తున్నాను. ఇదిగో ఆర్డరు."

బహుమానం వెంటనే చెప్పకూడదట. మెప్పు విన్న మనిషి రెండు రోజులు ఆశతో ఎదురుచూస్తే దాని విలువ పెరుగుతుందట. ఇదీ పుస్తకంలోదే. మేస్త్రీ ఆ రెండు రోజులూ ఎలా ఎదురుచూశాడో నేను చూశాను.

ఆయన కాగితం ముట్టుకోలేదు. "బేళ్ళకాడోడ్ని కూడా పెద్ద సోట ఉండాలన్నావు గద బాబూ," అన్నాడు.

నేను కాగితం తీసుకుని తెలుగులో చదివి వినిపించాను. "నిజమే మావా. ఓవర్సీరని రాసున్నాది."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "నువ్వు సదివితే ఎలగ నమ్మేది అల్లుడూ? గోడ మీద ఆ రాతలన్నీ నువ్వు రాసినవే గదా."

తరవాత మేనేజరు వైపు తిరిగి చేతులు జోడించాడు. ఎవరికీ జోడించని మనిషి. "బాబూ, నానేటి తప్పు సేసినానో సెప్పీ. ఒక్కపాలి తిట్టీ. నీ నోటంట ఒక్క తిట్టు ఇనబడితే నాకు నమ్మకం వస్తాది. ఎల్లి మగ్గాలు సూసుకుంతాను."

"మీరు తప్పేమీ చేయలేదు. మీరు చాలా గొప్పవారు," అన్నారు మేనేజరు గారు, ఇంకాస్త వెడల్పుగా నవ్వుతూ.

నేను ఉండబట్టలేక మేనేజరు గారి పక్కకు వెళ్ళి, "ఒక్క తిట్టు తిట్టండి సార్. ఏదో ఒకటి. నాలుగు అరుపులు అరిచి మగ్గాల దగ్గరికి పొమ్మనండి," అన్నాను గొంతు తగ్గించి.

"నేను మనుషుల్ని తిట్టనండీ. అది పాత పద్ధతి," అన్నారాయన.

మేస్త్రీ వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్నాక మేనేజరు గారు బీరువా తెరిచి, ఒక పుస్తకం తీసి, ఒక అధ్యాయం నాకు చూపించారు. కొంతమందికి విజయమంటే భయమట. అవకాశం ఎదురొస్తే పారిపోతారట. దాని మీద ఇరవై పేజీలున్నాయి. "చూశారా, అచ్చం మన మేస్త్రీయే," అన్నారు. నిజంగా సంతోషంగా ఉన్నారు. మనిషిని పోగొట్టుకున్నందుకు కాక, ఆ మనిషి పుస్తకంలో దొరికినందుకు. ఆ పుస్తకాల మీద నా కోపం ఆ నిమిషంలో పుట్టింది. పాఠం పనిచేస్తే గొప్ప పాఠానిది. పనిచేయకపోతే తప్పు మనిషిది. దానికి వేరే అధ్యాయం ముందే రాసి పెట్టి ఉంటుంది. వాళ్ళు ఎప్పటికీ ఓడిపోరు.

ఆ వారమే ఓవర్సీరు ఉద్యోగం మరొకరికి ఇచ్చినట్టు బోర్డు మీద పడింది. నేను రాసిన పేజీల ముందు రోజూ నిలబడి చదివేవాడు ఆ కొత్త ఓవర్సీరు. నవ్వడం కూడా నేర్చుకున్నాడు. ఆ కబురు ఇళ్ళ వరసలోకి వెళ్ళగానే మేస్త్రీ నాకోసం మనిషిని పంపాడు.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు ఎడ్లబండి ఉంది. ఉద్యోగం మానినవాడు ఇల్లు ఖాళీ చేయాలి. కొత్తవలసలో ఆయన తమ్ముడు ఉంటున్నాడు. అక్కడికి ప్రయాణం. సామాను సగం ఎక్కింది. ఆయన బండి చక్రం పక్కన నిలబడి ఉన్నాడు.

"అయితే ఆ ఉజ్జోగం నిజమేనేటి అల్లుడూ?"

"నిజమే మావా."

ఇంట్లోంచి ఆయన భార్య గిన్నెల మూట తెచ్చి బండి దగ్గర నిలబడింది. ఎక్కించాలో వద్దో తెలియక మా ఇద్దరి ముఖాలూ చూస్తోంది.

"ఓవర్సీరూ వొద్దు, గీవర్సీరూ వొద్దు," అన్నాడు చివరికి. "నా మగ్గాల కాడికి నన్ను రానిమ్మని అడుగు. మేస్త్రీగా కాకపోతే నేతగాడిగా ఎల్తాను. ఈ ముసల్ది ఇల్లొదల్లేదు. బేగెల్లి అడిగిరా. బండి ఆపుతాను."

నేను పరుగులాంటి నడకతో వెళ్ళాను. మేనేజరు గారు గదిలోనే ఉన్నారు. చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అలా వినాలని కూడా పుస్తకంలో ఉంది. అయ్యాక తల పంకించి, నవ్వి, నాలుగు మాటలు చెప్పారు. నాయకుడు తీసుకున్న నిర్ణయం వెనక్కి తీసుకుంటే చులకనైపోతాడన్నది అందులో నాకోసం చెప్పింది. మిగిలినవి మేస్త్రీకి చెప్పమన్నారు.

తిరిగి వచ్చేసరికి ఆయన చక్రం పక్కనే ఉన్నాడు. ఆవిడ మూట కింద పెట్టి దాని మీదే కూర్చుంది.

"ఏటన్నాడు?"

"నీ అంత మంచి పనోడు మరి దొరకడన్నాడు మావా. నువ్వు చేసింది మిల్లు ఎప్పటికీ మర్చిపోదన్నాడు."

ఆయన తల ఊపి, భార్య వైపు తిరిగాడు.

"లేయే," అన్నాడు. "మూట ఎక్కించీ."