పది నిమిషాల ముందే ఎత్తిన వంతెన

ఓడలు తిరిగే కాలువ మీద మా బావ ముప్పై ఏళ్లు వంతెన ఎత్తాడు, దించాడు. ఫ్యాక్టరీకి బొగ్గు లారీలు వెళ్లడానికి కట్టిన ఇనుప వంతెన అది. ఓడ వస్తే గేట్లు పడేవి, రెండు స్తంభాల మధ్య రోడ్డు రోడ్డంతా నిలువునా పైకి లేచేది. కార్మికుల క్వార్టర్లు ఇవతల, ఆసుపత్రి అవతల.

నియమం ప్రకారం ఓడ మలుపు తిరిగి కూత వేశాకే ఎత్తాలి. బావ మాత్రం మలుపు వెనకాల పొగ కనపడగానే, పది నిమిషాల ముందే ఎత్తేసేవాడు. తన దగ్గర ఏ ఓడా వేగం తగ్గించకూడదని పంతం. కెప్టెన్ ఎవరైనా టోపీ తీసి ఊపితే ఇంటికొచ్చి నాలుగు రోజులు అదే చెప్పేవాడు.

"ఆలూ లేదు, చూలూ లేదు. ఓడ రాకముందే వంతెన లేపేస్తాడు మీ బావ," అని అక్క నవ్వేది. లారీ డ్రైవర్ల తిట్లు ఆయన చెవికెక్కేవి కావు.

కడుపుతో ఉన్న అక్కకు ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం రక్తస్రావం మొదలైంది. తల ఒళ్లో పెట్టుకుని కంపెనీ వ్యానులో బయల్దేరాను. వెళ్లేసరికి వంతెన గాల్లో ఉంది. కాలువలో ఓడ జాడే లేదు. దిగి గొంతు చించుకున్నాను. పైన క్యాబిన్‌లో మోటార్ల మోతకి ఏం వినపడుతుంది? లారీలవాళ్లు జాలిపడి హారన్లు కొట్టారు. బావకు అది రోజూ ఉండే గోలే.

వంతెన దిగేసరికి అక్క చెయ్యి చల్లబడింది. బిడ్డా దక్కలేదు.

మూడో రోజు బావ అడిగాడు. "గేటు దగ్గర ఎంతసేపున్నార్రా?"

"పద్దెనిమిది నిమిషాలు. అందులో పది నీవే," అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ ఏడుస్తాను.

ఆ తర్వాత ఆయన ఒక్క ఓడకీ ముందుగా ఎత్తలేదు. ప్రతిసారీ క్యాబిన్ దిగి, క్వార్టర్ల రోడ్డు చివరిదాకా చూసొచ్చేవాడు. ఓడలు ఆగి కూతలు పెట్టేవి. రెండుసార్లు మెమోలు వచ్చాయి. ఇంట్లో ఓడల ఊసే లేదు.

చివరికి ఫ్యాక్టరీ మూతపడింది, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. వంతెనను పైకెత్తి శాశ్వతంగా బిగించెయ్యమని ఉత్తర్వు వచ్చింది. ఆ పనీ బావకే అప్పజెప్పారు. నేనూ తోడు వెళ్లాను. గడ్డి మొలిచిన రోడ్డు మీద కుక్క కూడా లేదు. బావ మీట మీద చెయ్యి వేసి ఆగాడు.

"అటునుంచి ఎవరైనా వస్తున్నారేమో చూసి రారా."

వెళ్లి చూసి వచ్చాను. "ఎవరూ లేరు బావా."

"ఇంకో పది నిమిషాలు చూద్దాం," అన్నాడు.